పక్కనే గని, ఊరికి మాత్రం డీజిలే: ఆర్కిటిక్ కరెంటు లెక్కలు

సంక్షిప్తంగా

కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్‌లో 25 ఊళ్లూ డీజిల్ కరెంటు మీదే నడుస్తున్నాయి. అదే నేల మీద ఇనుము, బంగారం గనుల కోసం రేవులు, రోడ్లు, విమానాలు దిగే రన్‌వేలు వచ్చాయి. చలి, చీకటి, గడ్డకట్టిన నేల పెట్టే ఇబ్బందులు నిజమే గానీ అసలు చిక్కు ఇంకోటి ఉంది. గనికి భారీగా కరెంటు కావాలి, అదీ పదీ ఇరవై ఏళ్ల పాటే. ఊరికి కొంచెమే కావాలి, కానీ ఎప్పటికీ కావాలి. పెట్టుబడి సహజంగానే గని వెంట పోతుంది. కట్టినవి ఎవరి సొంతం, ఖర్చు ఎంతమంది మీద పడుతుంది అన్న రెండు విషయాలే ఊరి భవిష్యత్తును తేలుస్తున్నాయి.

ఇప్పుడెందుకు చర్చకు వచ్చింది

2025 నవంబరులో కెనడా ప్రధాని మార్క్ కార్నీ దేశానికి ముఖ్యమైన ప్రాజెక్టుల రెండో జాబితా ప్రకటించారు. ద్రవ సహజ వాయువు (ఎల్‌ఎన్‌జీ) ప్లాంటు, నికెల్ గని లాంటి భారీ పెట్టుబడుల పక్కన అందులో ఇకాలుయిట్ జలవిద్యుత్ ప్రాజెక్టు కూడా ఉంది. ఇకాలుయిట్ నునావుట్ రాజధాని. 2021 జనగణన ప్రకారం అక్కడ ఉండేది దాదాపు 7,400 మంది. ఇంత చిన్న ఊరి కరెంటు జాతీయ ప్రాధాన్యం ఎలా అయిందన్న ప్రశ్న సహజం. ఆర్కిటిక్‌లో రక్షణ, ఖనిజాలు, ఓడల దారులు అన్నీ ఒకేసారి వార్తల్లోకి రావడం ఒక కారణం. రెండో కారణం పరిపాలనకు సంబంధించింది. 2024 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రభుత్వ భూములు, ఖనిజాల మీద అధికారం 2027 ఏప్రిల్ 1 నాటికి ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం నుంచి నునావుట్ ప్రభుత్వానికి మారాలి. కొత్త గనులకు అనుమతులు, వాటి రాయల్టీలు, వాటి కోసం వేసే రోడ్ల సంగతి ఇక అక్కడే తేలుతుంది.

ప్రతి ఊరూ ఒంటరిదే

నునావుట్ విస్తీర్ణం దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికి ఏడు రెట్లకు పైనే ఉంటుంది. జనాభా మాత్రం 2021 జనగణన ప్రకారం 37 వేల లోపు, అంటే మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ అంత. ఎక్కువమంది ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలు. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు, దక్షిణాదికి రైలు లేదు, ఊళ్లను కలిపే విద్యుత్ గ్రిడ్ అంతకన్నా లేదు. వేసవిలో సముద్రపు మంచు కరిగిన కొద్ది నెలల్లోనే ట్యాంకర్ ఓడలు వచ్చి ఏడాదికి సరిపడా ఇంధనాన్ని ఒడ్డున ఉన్న ట్యాంకుల్లో నింపి వెళ్తాయి. ప్రతి ఊరికీ ఒక డీజిల్ ప్లాంటు. వీటన్నిటినీ నడిపేది ప్రభుత్వ సంస్థ కులిక్ ఎనర్జీ కార్పొరేషన్. కరెంటు కోసమే ఈ సంస్థ ఏటా సుమారు 5.5 కోట్ల లీటర్ల డీజిల్ కాలుస్తుంది. ఇళ్లు వేడి చేయడానికి, బళ్లకు, విమానాలకు అయ్యేది వేరే.

ఈ ఏర్పాటు ఎంత నాజూకైనదో 2015 ఏప్రిల్‌లో పాంగ్‌నిర్‌టంగ్ అనే ఊళ్లో బయటపడింది. దాదాపు 1,500 మంది ఉండే ఆ ఊరి పవర్ ప్లాంటు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బయట ఇంకా గడ్డకట్టే చలి. పక్క ఊరి నుంచి కరెంటు తెచ్చుకుందామంటే లైనే లేదు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి బయటి నుంచి జనరేటర్లు తెప్పించింది. అవి వచ్చి కుదురుకునే దాకా ఉన్న కాస్త కరెంటును వంతులవారీగా ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి చోట కరెంటు పోవడమంటే లైట్లు ఆరిపోవడం ఒక్కటే కాదు. హీటర్ ఫ్యాన్లు ఆగుతాయి, ఇంట్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి, ఇళ్లు ఉండటానికి పనికిరాకుండా పోతాయి. పొగ, ఖర్చు, చమురు చిందే ప్రమాదం అన్నీ తెలిసి కూడా అధికారులు డీజిల్‌ను తేలిగ్గా వదలకపోవడానికి ఈ భయమే కారణం. దీన్ని తీసిపారేయడానికి లేదు.

సోలార్ పెడితే సరిపోదా

బయటివాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. పాండ్ ఇన్‌లెట్ లాంటి ఊళ్లో నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా సూర్యుడు కనిపించడు. కరెంటు, వేడి ఎక్కువ కావాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అలాగని సోలార్ దండగ కాదు. ఏప్రిల్, మే నెలల్లో పగలు పొడవుగా ఉంటుంది, చలికి ప్యానెళ్లు బాగా పనిచేస్తాయి, తెల్లటి మంచు మీద పడిన వెలుగు తిరిగి ప్యానెళ్ల మీదికి కొడుతుంది. కెనడా వాయవ్య కొసన ఉన్న యూకాన్‌లోని ఓల్డ్ క్రో అనే ఊరు దీనికి మంచి ఉదాహరణ. ఆ ఊరికి రోడ్డు లేదు, డీజిల్ కూడా విమానంలోనే రావాలి. అక్కడి వుంటుట్ గ్విచిన్ ఆదివాసులు 2021లో 940 కిలోవాట్ల సోలార్ ప్లాంటు, దానికి బ్యాటరీ పెట్టుకున్నారు. ప్లాంటు వాళ్లదే, కరెంటును విద్యుత్ కంపెనీకి అమ్ముతారు. ఎండ బాగా ఉన్న వేసవి రోజుల్లో ఊరి డీజిల్ ఇంజిన్లను పూర్తిగా ఆపేయగలుగుతున్నారు.

ఆ ఆపేయడం వెనుక ఇంజినీరింగ్ చిక్కు ఒకటుంది. డీజిల్ ఇంజిన్‌ను దాని సామర్థ్యంలో సుమారు 30 శాతం కన్నా తక్కువ లోడ్ మీద ఎక్కువసేపు తిప్పకూడదు. ఇంధనం సరిగా మండక మసి, జిడ్డు పేరుకుని ఇంజిన్ పాడవుతుంది. గాలి ఆగినా, మబ్బు పట్టినా లోడ్‌ను వెంటనే అందుకోవాలి కాబట్టి దాన్ని పూర్తిగా ఆపడానికీ లేదు. అందుకే బ్యాటరీ లేకుండా సోలార్, గాలిమరలు పెడితే కొంత దాకే డీజిల్ తగ్గుతుంది, ఆ పైన వచ్చిన కరెంటు వృథా. ఇంకో విషయం చాలా లెక్కల్లో కనిపించదు. చాలా ప్లాంట్లలో ఇంజిన్ల వేడిని పైపుల ద్వారా బడికో, ఇతర ప్రభుత్వ భవనాలకో పంపుతారు. డీజిల్ ఆగితే ఆ వేడీ ఆగుతుంది, దానికి వేరే దారి చూసుకోవాలి.

గాలి మరింత ఆశ కలిగిస్తుంది, ఎందుకంటే చలికాలంలో కూడా వీస్తుంది. చల్లటి గాలి చిక్కగా ఉండటం వల్ల అదే వేగానికి ఎక్కువ కరెంటు వస్తుంది. కానీ రెక్కల మీద మంచు పేరుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల్లో మామూలు ఉక్కు పెళుసుబారుతుంది, అందుకే ప్రత్యేకమైన ఉక్కు, రెక్కలను వేడిచేసే ఏర్పాటు కావాలి. ఒక్క టర్బైన్ నిలబెట్టాలన్నా పెద్ద క్రేన్‌ను ఓడలో తేవాలి. ఆ ఏడాది ఓడ తప్పిందంటే పని ఏడాది ఆగిపోతుంది. పైగా పునాది వేసేది ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేలలో. అది కరిగితే పునాది కుంగుతుంది. 3 మెగావాట్ల టర్బైన్ తేవడానికి ఎంత శ్రమో అరమెగావాట్ టర్బైన్ తేవడానికీ దాదాపు అంతే. ఊరికి మాత్రం ఆ చిన్నదే చాలు.

గని కొలత వేరు, ఊరి కొలత వేరు

వెయ్యి మంది ఉన్న ఊరికి గరిష్ఠంగా మెగావాట్ అటూఇటూ చాలు. ఒక బంగారు గనికి పదుల మెగావాట్లు కావాలి. అగ్నికో ఈగిల్ కంపెనీ 2010లో మెడోబ్యాంక్ గని మొదలుపెట్టినప్పుడు బేకర్ లేక్ నుంచి గని దాకా 110 కిలోమీటర్ల రోడ్డు వేసింది. అంత పొడవున అన్ని కాలాల్లో నడిచే రోడ్డు నునావుట్‌కు అదే మొదటిది. ర్యాంకిన్ ఇన్‌లెట్ దగ్గర మెలియడీన్ గని 2019లో మొదలైంది. గనులన్నీ తమ జనరేటర్లు తామే పెట్టుకున్నాయి, ఊళ్లు తమ పాత ప్లాంట్లతోనే ఉన్నాయి. పక్కపక్కనే రెండు వేర్వేరు డీజిల్ లోకాలు.

ఈ రెంటినీ ఒకే తీగకు కట్టాలన్న ఆలోచనే కివాలిక్ హైడ్రో ఫైబర్ లింక్. ఇన్యూట్ యాజమాన్యంలోని నుకిక్ కార్పొరేషన్ దీన్ని ముందుకు తెస్తోంది. దక్షిణాన ఉన్న మానిటోబా రాష్ట్రం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల లైను వేసి 150 మెగావాట్ల జలవిద్యుత్తు, దాంతో పాటు ఇంటర్నెట్ కేబుల్ తీసుకురావాలన్నది ప్రణాళిక. కలిసే ఊళ్లు ఐదు: ఆర్వియట్, వేల్ కోవ్, ర్యాంకిన్ ఇన్‌లెట్, చెస్టర్‌ఫీల్డ్ ఇన్‌లెట్, బేకర్ లేక్. ఐదింటి జనాభా కలిపినా తొమ్మిది వేల లోపే. 150 మెగావాట్లలో వాళ్లు వాడుకునేది కొద్ది భాగం, మిగతాది గనులు కొనాలి. గనులు కొనకపోతే లైనుకు అప్పు పుట్టదు.

తిరకాసంతా ఇక్కడే. లైను, డ్యామ్ లాంటివి 40, 50 ఏళ్లు పనిచేస్తాయి, వాటి అప్పు కూడా పదుల ఏళ్ల పాటు తీరాలి. గని మాత్రం తనకు తెలిసిన నిల్వలు ఉన్నంత వరకే మాట ఇవ్వగలదు. బంగారం ధర పడిపోయినా, నిల్వ అయిపోయినా వెళ్లిపోతుంది. తర్వాత ఆ అప్పు తొమ్మిది వేల మంది కరెంటు బిల్లుల మీద పడితే ఏ ఊరూ తట్టుకోలేదు. కేంద్ర ప్రభుత్వం గ్రాంటుగా ఇస్తే, గని కంపెనీకి చవక కరెంటు ఇవ్వడానికి ప్రజల సొమ్ము వాడుతున్నారన్న విమర్శ వస్తుంది. రెండు వాదనల్లోనూ నిజం ఉంది.

గనులు సొంతంగా పచ్చ కరెంటు వైపు కదిలిన సందర్భాలు లేకపోలేదు. నునావుట్ పక్కనే ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోని డియావిక్ వజ్రాల గని 2012లోనే 9.2 మెగావాట్ల గాలిమరలు పెట్టింది. 2006లో శీతాకాలం వెచ్చబడి, గడ్డకట్టిన సరస్సుల మీద వేసే రోడ్డు త్వరగా మూతపడినప్పుడు అక్కడి గనులు ఇంధనాన్ని విమానాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ఖర్చు చూశాక గాలిమరల లెక్క తేలిగ్గా కుదిరింది. క్యుబెక్ రాష్ట్రం ఉత్తరాన రాగ్లన్ నికెల్ గని 2014లో ఒకటి, 2018లో ఇంకొకటి 3 మెగావాట్ల టర్బైన్లు పెట్టింది. ఈ రెండూ చలిలో గాలిమరలు నడుస్తాయని రుజువు చేశాయి, అందుకు మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ కరెంటు గని కంచె దాటి ఏ ఊరికీ వెళ్లలేదు.

మేరీ రివర్: ఎవరి కోసం రైలు

నునావుట్‌లోని బాఫిన్ దీవి ఉత్తరాన ఉన్న మేరీ రివర్‌లో ప్రపంచంలోనే నాణ్యమైన ఇనుప ఖనిజం ఉంది. శుద్ధి చేయకుండానే, పగలగొట్టి, జల్లించి ఓడెక్కించేంత మంచిది. బాఫిన్‌ల్యాండ్ ఐరన్ మైన్స్ 2015 నుంచి దాన్ని ఎగుమతి చేస్తోంది. గని నుంచి మిల్నే ఇన్‌లెట్ రేవు దాకా సుమారు 100 కిలోమీటర్ల మట్టి రోడ్డు మీద పెద్ద పెద్ద ట్రక్కులు తిరుగుతాయి. అవి లేపే ఎర్రటి దుమ్ము మంచు మీద పడుతుంది. వేటకు వెళ్లేవాళ్లు ఆ మంచునే కరిగించి తాగుతారు. ఓడల చప్పుడుకు నార్‌వాల్ తిమింగలాలు చెదిరిపోతున్నాయని పాండ్ ఇన్‌లెట్ వేటగాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. అక్కడ నార్‌వాల్, కారిబూ (అడవి రెయిన్‌డీర్) అంటే ఇంటి తిండి. దుకాణంలో ప్రతి వస్తువూ విమానంలోనో ఓడలోనో వచ్చేదే, ధరలు మండిపోతుంటాయి. వేట మాంసం దొరక్కపోతే ఆ లోటును జీతం పూడ్చలేదు.

కంపెనీ ఎగుమతిని 60 లక్షల టన్నుల నుంచి ఏటా 1.2 కోట్ల టన్నులకు పెంచుతామని, మిల్నే ఇన్‌లెట్ దాకా 110 కిలోమీటర్ల రైలు మార్గం వేస్తామని కోరింది. మేలైన ఖనిజం వాడితే ఉక్కు తయారీలో బొగ్గు తక్కువ పడుతుంది, కాబట్టి వాతావరణానికి కూడా మంచిదేనన్నది ఆ కంపెనీ వాదన. 2021 ఫిబ్రవరిలో కొందరు వేటగాళ్లు ఎముకలు కొరికే చలిలో రోజుల తరబడి గని రన్‌వేనూ రోడ్డునూ అడ్డగించారు. నాలుగేళ్ల సమీక్ష తర్వాత 2022 మేలో ప్రాజెక్టుల ప్రభావాన్ని పరిశీలించే నునావుట్ ఇంపాక్ట్ రివ్యూ బోర్డు ఈ విస్తరణ వద్దని సిఫారసు చేసింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రి డాన్ వాండల్ ఆ విస్తరణను తిరస్కరించారు.

ఇది గని వద్దన్న తీర్పు కాదు. తవ్వకం సాగుతూనే ఉంది. దక్షిణాన స్టీన్స్‌బీ ఇన్‌లెట్ వైపు 149 కిలోమీటర్ల రైలు మార్గానికి 2012లోనే అనుమతి ఉంది, కంపెనీ ఇప్పుడు దాని వైపు చూస్తోంది. ఇంత వివాదంలో కరెంటు ప్రస్తావన దాదాపు లేదన్నది గమనించాలి. రైలు ఖనిజానికి, రేవు ఖనిజానికి. గని డీజిల్ గనిది, పాండ్ ఇన్‌లెట్ డీజిల్ పాండ్ ఇన్‌లెట్‌ది. వందల కోట్ల డాలర్ల నిర్మాణం గురించి ఏళ్ల తరబడి వాదించినా, దాన్నుంచి ఊళ్లో ఒక్క ఇల్లయినా వెచ్చబడుతుందా అన్నది ఎవరికీ ప్రధాన ప్రశ్న కాలేదు.

గని వెళ్లిపోయాక

అదే బాఫిన్ దీవిలో ఆర్కిటిక్ బే అనే ఊరి దగ్గర నానిసివిక్ సీసం, జింక్ గని 1976లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వానికీ అందులో 18 శాతం వాటా ఉండేది. కార్మికుల్లో 60 శాతం ఇన్యూట్‌లే ఉండాలన్న లక్ష్యం పెట్టుకున్నారు, దాని దరిదాపులకు కూడా చేరలేదు. గని కోసం ఇళ్లు, బడి, రేవు, విమానాశ్రయంతో ఒక ఊరే లేచింది. 2002లో గని మూసేశారు. ఊరు ఖాళీ అయింది, కట్టడాలు కూల్చేశారు. ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న ప్రాంతంలో ఇది జరిగింది. ఆర్కిటిక్ బేకు మిగిలింది రోడ్డు ఒకటి, సొంత రన్‌వే పెద్దది అయ్యేదాకా వాడుకున్న విమానాశ్రయం ఒకటి. పాతికేళ్ల తవ్వకం తర్వాత కూడా ఆ ఊరు డీజిల్ ప్లాంటు మీదే ఉంది. గని కరెంటును ఊరి కోసం ఆలోచించి కట్టలేదు, అందుకే మిగలడానికీ ఏమీ లేదు.

సొంతదారు ఎవరు, భారం ఎవరిది

1993 నునావుట్ ఒప్పందం ఇన్యూట్‌లకు సుమారు 3.5 లక్షల చదరపు కిలోమీటర్ల భూమి మీద హక్కు ఇచ్చింది. అందులో దాదాపు పదో వంతుకు భూగర్భ ఖనిజాల హక్కు కూడా ఉంది. పెద్ద గని పెట్టాలంటే ఇన్యూట్ సంఘంతో ప్రయోజనాల ఒప్పందం తప్పనిసరి. మేరీ రివర్ విషయంలో క్వికిక్తానీ ఇన్యూట్ అసోసియేషన్ 2013లో అలాంటి ఒప్పందం చేసుకుంది. ఈ ఒప్పందాల్లో ఉద్యోగాలు, శిక్షణ, డబ్బు వాటా ఉంటాయి. కరెంటు, రేవు లాంటి శాశ్వత ఆస్తులు ఊరికి రావాలన్న మాట మాత్రం అరుదు.

యాజమాన్యం ఒక్కటే సరిపోతుందా అంటే అలాస్కా ఉదాహరణ కాదంటుంది. రెడ్ డాగ్ జింక్ గని భూమి ఇనుపియాట్ ఆదివాసుల నానా కార్పొరేషన్‌ది. 1989 నుంచి వస్తున్న ఆదాయంలో పెద్ద భాగాన్ని 1971 నాటి చట్టం ప్రకారం మిగతా ఆదివాసీ ప్రాంతీయ కార్పొరేషన్లతోనూ పంచుకుంటారు. డబ్బు నిజంగానే వచ్చింది. అయినా ఆ ప్రాంతపు పల్లెలు డీజిల్ మీదే ఆధారపడ్డాయి. కాట్‌జెబ్యూ ఊరు 1997లో గాలిమరలు మొదలుపెట్టి, తర్వాత సోలార్, బ్యాటరీలు చేర్చుకుంటూ వచ్చింది, అదీ గని వల్ల కాదు, సొంత విద్యుత్ సహకార సంఘం పట్టుదల వల్ల.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది క్యుబెక్ ఉత్తరాన ఉన్న ఇనుక్జువాక్. దాదాపు 1,800 మంది ఉండే ఆ ఇన్యూట్ ఊళ్లో 2023లో 7.5 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. పెద్ద డ్యామ్ లేదు, నది ప్రవాహం మీదే నడుస్తుంది. సగం వాటా ఊరి భూయాజమాన్య సంస్థ పితువిక్‌ది, సగం ఇనర్జెక్స్ కంపెనీది. కరెంటుతో పాటు ఇళ్ల వేడినీ డీజిల్ నుంచి మార్చడం దీని ప్రత్యేకత. దగ్గర్లో గని లేకుండానే ఇది ఎలా సాధ్యమైంది? ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థ హైడ్రో క్యుబెక్ 40 ఏళ్ల పాటు కరెంటు కొంటానని ఒప్పందం రాసింది. ఆ సంస్థకు లక్షల్లో వినియోగదారులు. ఒక చిన్న ఊరి ఖర్చును రాష్ట్రమంతటి మీద పరిస్తే ఎవరికీ భారం తెలియదు. కులిక్ ఎనర్జీకి ఉన్నది సుమారు 15 వేల మంది వినియోగదారులే. అదే నది, అదే టర్బైన్ నునావుట్‌లో ఉంటే లెక్క కుదరదు.

పచ్చ కరెంటు అయినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందనీ అనుకోలేం. నార్వేలోని ఫోసెన్‌లో ఆదివాసులైన సామీ ప్రజల రెయిన్‌డీర్ మేతభూముల్లో 151 గాలిమరలు పెట్టారు. అది వాళ్ల సాంస్కృతిక హక్కులను ఉల్లంఘించిందని 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే మరలు తిరుగుతున్నాయి, పరిహారం ఒప్పందాలు కుదరడానికి రెండేళ్లకు పైగా పట్టింది.

ముందు ముందు ఏం జరగొచ్చు

ఆర్కిటిక్ మిగతా భూమి కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని శాస్త్రవేత్తల అంచనా. ఓడలు తిరిగే కాలం పెరుగుతుంది, ఇది గనులకు లాభం. మంచు రోడ్ల కాలం తగ్గుతుంది, గడ్డకట్టిన నేల మెత్తబడి రన్‌వేలు, ఇంధన ట్యాంకుల పునాదులు కుంగుతాయి, ఇది ఊళ్లకు నష్టం. సముద్రపు మంచే దారిగా వేటకు వెళ్లేవాళ్లకు ప్రమాదం పెరుగుతుంది. కొత్త రోడ్లు, రేవుల ప్రతిపాదనలు ఈ మారిన లెక్కల మీదే వస్తున్నాయి. కరోనేషన్ గల్ఫ్ తీరాన గ్రేస్ బే రేవు, దానికి 230 కిలోమీటర్ల రోడ్డు వాటిలో ఒకటి.

అంతగా చర్చకు రాని పని ఇంకోటి ఉంది. ఆర్కిటిక్ ఊళ్లో ఇంధనంలో పెద్ద వాటా వేడికే పోతుంది. ఇళ్లు పాతవి, కిక్కిరిసినవి, వేడిని నిలపలేనివి. గోడలు, కిటికీలు బాగుచేస్తే డీజిల్ తగ్గుతుంది, అందులో స్థానికులకు పని దొరుకుతుంది, క్రేన్ కోసం ఓడ ఎదురుచూడక్కర్లేదు. కానీ రిబ్బన్ కట్ చేయడానికి పనికొచ్చే ప్రాజెక్టు కాదు కాబట్టి డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఇందులో సబ్సిడీ చిక్కు కూడా ఉంది. చాలామంది ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఉంటారు, అసలు ఇంధన ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తుంది. ఆదా అయితే ఆ డబ్బు ఖజానాకు చేరుతుంది, ఇంట్లో ఉన్నవాళ్ల చేతికి రాదు.

ఇకాలుయిట్ ప్రాజెక్టు నిలబడుతుందా లేదా అన్నది కూడా ఇలాంటి లెక్క మీదే ఆధారపడి ఉంది. దీన్ని నడిపిస్తున్న నునావుట్ నుక్కిక్సౌటీట్ కార్పొరేషన్ పూర్తిగా ఇన్యూట్‌లదే. ఏటా ఆ ఊరు దిగుమతి చేసుకునే సుమారు 1.5 కోట్ల లీటర్ల డీజిల్‌ను ఇది భర్తీ చేయగలదని ప్రభుత్వం చెబుతోంది. ఇదే ప్రాంతంలో జలవిద్యుత్తు కోసం ప్రభుత్వ సంస్థ గతంలో చేసిన ప్రయత్నం ఖర్చు దగ్గరే ఆగింది. ఇప్పటిదాకా నునావుట్‌లో ప్రైవేటు ఉత్పత్తిదారుల నుంచి కొనే కరెంటుకు ధర కట్టే పద్ధతి ప్రకారం, కొన్న ప్రతి యూనిట్ వల్ల మిగిలే డీజిల్ విలువ వరకే చెల్లిస్తారు. ట్యాంకుల మరమ్మతు, పాత ప్లాంట్ల స్థానంలో కొత్తవి కట్టే ఖర్చు, చమురు చిందితే శుభ్రం చేసే ఖర్చు ఇందులోకి రావు. ధర అలాగే ఉంటే నిర్మాణంలో చాలా భాగం కేంద్ర గ్రాంటు నుంచే రావాలి. ఆ ఖర్చులనూ కలిపి ధర కట్టి, 40 ఏళ్ల కొనుగోలు ఒప్పందం రాస్తే, గని అవసరం లేకుండా ఊరి కోసం కట్టిన మొదటి పెద్ద విద్యుత్ కేంద్రంగా అది నునావుట్‌లో నిలబడే అవకాశం ఉంది.